అత్తమ్మ కాలు కదిపిన సినిమా

మా అత్తమ్మ డెంకణికోట దగ్గరి ఊళ్ళో ఏళ్ళ తరబడి గొర్రెలు కాసిన మనిషి. మోకాలి ఆపరేషన్ అయ్యాక హోసూరు పక్కన మత్తిగిరిలో మా ఇంట్లో ఉంది. రోజూ కాలు మడిచి చాపాలని ఆసుపత్రిలో చెప్పారు. ఆమె మడిచేది కాదు. నొప్పి కంటే భయం ఎక్కువ, కుట్లు పిగిలిపోతాయని. నేను బతిమాలితే, "నా కాలు సంగతి నాకు తెలీదామ్మా?" అని అటు తిరిగి పడుకునేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో పాత ఇంగ్లీషు సినిమా పెట్టుకున్నాను. పేపర్లో రోజూ మూడు నాలుగు గళ్ళలో వచ్చిన బొమ్మల కథను పాటల సినిమాగా తీశారు. క్రిష్ణగిరిలో చదివే రోజుల్లో అలాంటి బొమ్మల కోసమే లైబ్రరీలో ఇంగ్లీషు పేపరు తెరిచేదాన్ని. ఈ సినిమా తీసినవాళ్ళంటే నాకు గౌరవం. కొండలు, చెట్లు అన్నీ రంగులు పూసిన అట్టలే, దాచాలని కూడా చూడలేదు. ఒక్కొక్కరికి మొదటినుంచి చివరిదాకా ఒకటే జత బట్టలు. గళ్ళలో గీసినట్టే నిలబడతారు. పాట మొదలైందంటే మాత్రం వాళ్ళ ఒళ్ళు విల్లులా వంగుతుంది.

అత్తమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా లేచి కూర్చుని చూసింది. తెరమీద కొండ ఊరు, అతుకుల బట్టలవాళ్ళు, కదలని గాడిద, దాన్ని లాగుతూ తిడుతున్న ముసలామె.

"ముందర నిలబడి లాగితే అది యాడ కదులుతుంది? పక్కకు రావాల" అంది అత్తమ్మ.

కాసేపటికి ముసలామె పక్కకే వచ్చి గాడిద మెడ నిమిరింది. అది కదిలింది. ఊరంతా మడమలు నేలకు కొడుతూ, పాడుతూ వెంట నడిచింది. నేను తిరిగి చూసేసరికి అత్తమ్మ మంచం అంచున కూర్చుని తాళానికి తగ్గట్టు కాలు ఊపుతోంది, ఆపరేషన్ అయిన కాలే.

పాట అయ్యాక మెల్లగా అడిగాను. "నొప్పి లేదా అత్తా?"

ఆమె కాలివైపు చూసుకుంది. "ఉంది. ఉంటే ఉండనీ. ఇంకోతూరి పెట్టు."

ఆ పూట నాలుగుసార్లు పెట్టాను. మర్నాటినుంచి నా ఫోనులో తనే పెట్టుకునేది. నెల తిరిగేసరికి కాలు బాగా మడుస్తోంది. "ఏం చేసినారమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే, "గాడిద పాట" అంది.

ఊరికి పోయేనాడు నా చెయ్యి పట్టుకోకుండానే బస్సెక్కింది. తరువాత నేను వాళ్ళ ఊరికి పోతే, ఆ సినిమా చూపించమని ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. అత్తమ్మ కథంతా చెప్పేసిందట. నా ఫోనులోనే అందరూ వంగి వంగి చూశారు. చివర్లో ఒకామె అడిగింది:

"ఆ ముసలామెకు ఇద్దరు కొడుకులని చెప్పినావే, యాడమ్మా వాళ్ళు?"

సినిమాలో ఆమెకు కొడుకులే లేరు. అత్తమ్మ తడుముకోలేదు.

"హోసూరుకు పనికి పోయింటారు."