పంటి ముందరి బొడిపె

సోంబరుకి భయం. ఈ మాట అతని ఊళ్లో చెబితే నవ్వుతారు. అరకు చుట్టుపక్కల ఏ కొండ మీదైనా కాఫీతోటలో సిల్వర్ ఓక్ కొమ్మలు దించాలన్నా, గాలికి కూలిన మాను దారికి అడ్డం పడినా ముందు అతనికే కబురు వెళుతుంది. రంపం మెషిను భుజాన వేసుకుని గట్టు దిగుతుంటే పిల్లలు వెంటపడతారు. ధైర్యమంటే సోంబరుదే అంటారు. ఆ ధైర్యవంతుడు మెషిను తాడు లాగే ముందు రెండుసార్లు పొదల చాటుకు వెళ్లివస్తాడన్న సంగతి ఒక్కరూ పట్టించుకోలేదు. మనకి వీరులంటే అంత మోజు. వీరుడి మొహంలో నెత్తురుచుక్క లేకపోయినా మన కంటికి ఆనదు.

తొమ్మిదేళ్లుగా అతనికి రోజూ ఇదే వరస. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, గుండ్రటి ఆకురాయితో చైను పళ్లకి పదును పెడతాడు. ఒక్కో పంటికి అయిదు తోపులు. ఒకవైపు పళ్లన్నీ అయ్యాక రెండోవైపు. చైను బిగువు వేలితో లాగి చూస్తాడు. బ్రేకు పడుతోందో లేదో మూడుసార్లు చూస్తాడు, నాలుగోసారి కూడా చూస్తాడు. అదంతా పనితనం అనుకుంటారు చూసేవాళ్లు. పనితనమూ కాదు పాడూ కాదు. వణికే చేతుల్ని ఊరికే ఉంచలేక వాటికో పని చెబుతాడు, అంతే.

ఆ ఫిబ్రవరిలో, కాఫీపళ్ల కోత ముగిశాక, రైతుల సంఘం వాళ్లు ఒక మెషిను రంపం తెప్పించారు. పదకొండు మందికి నేర్పమని సోంబరుని అడిగారు. ఏడుగురు ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు. నేర్చుకున్నాక ఆ మెషిను వంతులవారీగా వాళ్ల ఊళ్లకి తిరుగుతుందట. వద్దందామనుకున్నాడు. మరి ధైర్యవంతుడు కదా, ఏ మొహం పెట్టుకుని వద్దంటాడు?

మూడు రోజులపాటు మెషిను స్టార్టు చెయ్యనివ్వలేదు. ఉత్త మెషినే పట్టించాడు. రెండు చేతులూ పిడి మీదే ఉండాలి. బొటనవేలు పిడి చుట్టూ తిరిగి రావాలి. చైను తిరిగే పొడుగు రేకు కొస చెట్టుకి తగలకూడదు. భుజం కన్నా ఎత్తుకి లేపకూడదు. మెషినుకి సూటిగా తల పెట్టకూడదు. చెప్పిందే చెప్పాడు.

"మూడు రోజులైపోనాది గురువుగారూ, ఇంజిను సప్పుడు ఇనకుండానే మమ్మల్ని ఇంటికి పంపేత్తారేటి?" అన్నాడు జి.మాడుగుల వైపు నుంచి వచ్చిన వరహాలు. అందరూ నవ్వారు. అందరి నవ్వూ అయ్యాక సోంబరు నవ్వాడు.

ఇన్ని చెప్పినవాడు ఒక్కటి మాత్రం చెప్పలేదు. చెప్పాలని మొదటిరోజే అనుకున్నాడు. చైను చేతిలోకి తీసుకుని, ఆ మాట నోటిదాకా వచ్చాక, నూనె ఎంత పోయాలో చెప్పి లేచిపోయాడు. రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే.

పదకొండు మందిలో భానుశ్రీ ఉంది. సోంబరు తమ్ముడు మంగ్లు కూతురు, ఇరవై రెండేళ్ల పిల్ల. ఆకురాయి పట్టడంలో ఆ పిల్ల చేతి ఒడుపు తక్కినవాళ్లకి లేదు. అందుకే మూడోరోజు సాయంత్రం చైను ఊడదీసి ఆమె చేతికిచ్చాడు.

"ఇంటికి అట్టుకెల్లి పదునెట్టి తే. రేపు ముందు నీసేతే కోయిత్తాను," అన్నాడు.

నాలుగోరోజు పొద్దున్న మంచు ఇంకా విడలేదు. రెండు దుంగల మీద ఒక సిల్వర్ ఓక్ మానుని పడుకోబెట్టారు. కూతురి మొదటి కోత చూద్దామని మంగ్లు కూడా వచ్చాడు. దుప్పటి కప్పుకుని, ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని, బండ మీద కూర్చున్నాడు. ఆ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. మిరియాల కోతకి చెట్లెక్కే పని, ఎత్తు కొమ్మల పళ్లు కోసే పని అతను మానేసి తొమ్మిదేళ్లయింది.

భానుశ్రీ గుడ్డలో చుట్టి తెచ్చిన చైను విప్పి ఇచ్చింది. తళతళలాడుతోంది. సోంబరు అలవాటుగా పళ్ల వెంట వేలు పోనిచ్చాడు. వేలు ఎక్కడా తట్టుకోకుండా జారిపోయింది. అతని గుండె కూడా జారిపోయింది.

"ఏటి పెదనాన్నా, బాగులేదేటి?" అంది భానుశ్రీ. "పంటి పంటికీ ముందర బొడిపెలు లేచి ఉన్నాయి. ఎగుడుదిగుడుగా ఉందని అన్నీ సాపు సేసేను. కత్తికి సేసినట్టే."

కొండమీద పుట్టినవాళ్లకి కత్తి పదును పెట్టడం ఒకరు నేర్పేది కాదు. ఆకురాయి తోసి, కత్తిని ఆకాశంకేసి ఎత్తి, ఒక కన్ను మూసి అంచు వెంట చూస్తారు. ఎక్కడైనా ఎత్తు కనబడితే తోసేస్తారు. అంచు గీత గీసినట్టుండాలి. లేకపోతే ఆ కత్తి పట్టినవాడికే నామోషీ. కాని రంపం చైను కత్తి కాదు. ఆ బొడిపె దేన్నీ కోయదు. వెనకాల ఉన్న పన్ను ఎంత లోతుకి కొరకాలో చెప్పేది అదే. దాన్ని అరగదీస్తే పన్ను మోయలేనంత మానుని ఒక్కసారే పట్టుకుంటుంది. కోసుకుపోలేదు, వదలలేదు. రేకు కొస గాని మానుకి తగిలిందా, మెషిను ఎగిరి పట్టుకున్న మనిషి మీదికే వస్తుంది.

సోంబరుకి ఇది ఎవరో చెబితే తెలిసింది కాదు. తెలియకముందే చేశాడు.

పెద్ద తుఫాను వచ్చిన ఏడాది కొండలన్నీ చెట్లు కూలి మూసుకుపోయాయి. అప్పుడే చేతికొచ్చిన పాత మెషినుకి సోంబరే పదును పెట్టాడు. కన్ను మూసి చూశాడు, బొడిపెలన్నీ సాపు చేశాడు, మురిసిపోయాడు. దారికి అడ్డం పడిన పనసమాను కోయమని మంగ్లుకిచ్చాడు. తాడు లాగిన కాసేపటికి మెషిను లేచి మంగ్లు భుజం చీల్చింది. డోలీలో మోసుకుపోతుంటే గట్టు పొడవునా రాళ్ల మీద నెత్తురు.

చెట్టుకి కత్తి పెట్టే ముందు అరచెయ్యి ఆనించి ఒక మాట చెప్పుకోవడం వాళ్ల ఇంటి ఆచారం. ఆవేళ మంగ్లు చెప్పలేదు. గాలి కూల్చేసిన చెట్టుని అడిగేదేముంది అనుకున్నాడట. అడగనందుకే పనస తనని కొట్టిందని అతని నమ్మకం. అప్పటినుంచి ఏటేటా ఆ పనస మోడు దగ్గర కోడిని కోసి, తప్పయిపోయిందని చెంపలు వేసుకుని వస్తాడు.

ఆ దెబ్బ తగిలిన రెండు నెలలకి సోంబరు ఆ మెషినుని అరకులో గణపతిరావు కొట్టుకి తీసుకెళ్లాడు. గణపతిరావు కింద మైదానం నుంచి వచ్చి మెషిన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాయన. చైను చూడగానే కేకలేశాడు. "ఈ బొడిపెలు తోసేసిందెవరయ్యా? ఎవర్నైనా చంపుదామనుకున్నావా?"  తిరిగొస్తూ సోంబరు ఆ చైనుని గెడ్డ నీళ్లలో విసిరేశాడు. ఇంటికి చేరేసరికి తమ్ముడు మోడు దగ్గర మొదటి కోడిని కోస్తున్నాడు. చెప్పాలనుకున్నాడు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు తొమ్మిదేళ్లు సాగింది.

"నా గుంట పనిమంతురాలు," అన్నాడు మంగ్లు బండమీంచి. "సూడు, ఎలా మెరిసిపోతందో!"

"మా ఊరెల్లేక మేవూ ఇలాగే సాపు సేసేత్తాం," అన్నాడు వరహాలు, చైనుని ఎగాదిగా చూసి.

సంచిలో కొత్త చైను ఉంది. అది తీసి ఎక్కిస్తే సరి. ఎందుకని ఎవరూ అడగరు. అడిగినా గురువుగారి మాటకి ఎదురు చెప్పరు. సోంబరు సంచిలో చెయ్యి పెట్టాడు, చైను చేతికి తగిలింది కూడా. ఇవాళ గండం గడుస్తుంది. మరి వంతు వచ్చి మెషిను ఊరికి పోయాక? భానుశ్రీ మళ్లీ కన్ను మూసి చూస్తుంది, మళ్లీ తోసేస్తుంది. వరహాలూ తోసేస్తాడు. ఏ గట్టు మీదో, ఎవరూ లేని తోటలో, ఆ పిల్ల లేత మొహం మీదికి మెషిను లేస్తుంది. సోంబరుకి అది కళ్లకి కట్టింది.  మెషిను తాడు లాగే ముందు వేసే భయం దీని ముందు ఎందుకూ కొరగాదనిపించింది.

"ఆగండి," అన్నాడు.  "ఈ చైనుతో కోత్తే మనిసి పోతాడు. అమ్మీ, నీ తప్పు కాదు. నాను సెప్పనేదు. మూడ్రోజులూ సెప్పకుండా దాటేసేను."

ఆ తరువాత బొడిపె సంగతి చెప్పాడు. చక్కగా చెప్పలేకపోయాడు, తడబడ్డాడు, వెనక్కి పోయి మళ్లీ మొదలుపెట్టాడు. వరహాలు నవ్వు మానేశాడు. భానుశ్రీ తను తెచ్చిన చైనుకేసి చూస్తూ వెనక్కి జరిగింది. అక్కడితో ఆపెయ్యొచ్చు. నేర్పాల్సింది నేర్పేశాడు. కాని మంగ్లు బండమీంచి అడిగాడు.

"నీకెలాగ తెలుసన్నా?"

 సోంబరు మాను మీద చతికిలబడ్డాడు.

"తుఫానప్పుడు నీకిచ్చిన మెషినుకి ఇలాగే తోసేసేను. అప్పుడు తెలీదురా. తరవాత తెలిసింది. తెలిసీ సెప్పనేదు. భయమేసింది. ఇప్పుడూ భయంగానే ఉంది."

 మంగ్లు దుప్పటి పక్కన పెట్టి లేచాడు. కొడతాడనుకున్నాడు సోంబరు. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. మంగ్లు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పనస కాదేటి?"

"కాదు."

"నాను అడక్కపోడం కాదేటి?"

"కాదురా. నాను."



"తొమ్మిది కోళ్లు కోసేను," అన్నాడు మంగ్లు. "అన్నిట్లోనూ నువ్వు కూకుని తిన్నావు."

 తినకపోతే అనుమానం వస్తుందని సోంబరు తిన్నాడు. అది చెప్పుకోడానికి కూడా బాగుండదు.

"ఏదీ, ఆ బొడిపె సూపించు," అన్నాడు మంగ్లు.

సోంబరు సంచిలోంచి కొత్త చైను తీశాడు. తమ్ముడి కుడిచేతి చూపుడువేలు పట్టుకుని, ఒక పంటి ముందర ఆనించాడు. కందిగింజ కన్నా చిన్నది. మంగ్లు వేలు దాని మీద ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ కదిలింది.

"ఇంతేనా?" అన్నాడు.