వంతుల జాబితా

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుటి డీటీపీ షాపులో మనోజ ప్రతి ఫైలునూ ఒకే తీరుగా తెరుస్తుంది. భాష తెలుగు, ఎన్‌కోడింగు యూనికోడు, పేర్ల వరుస అ నుంచి హ దాకా. మూడూ సరిచూసుకుని, వేళ్లు విరుచుకుని, అప్పుడే టైపు మొదలుపెడుతుంది.

చెరువులో వల వేసే వంతు పేర్ల వరుసనే వస్తుంది. నిరుడు ఆఖరి వంతుకు పోయిన మనోజ తండ్రి హన్మంతు ఖాళీ వలతో ఒడ్డెక్కుతుంటే, మొదటి వంతు తీసుకున్న చేపల సంఘం పెద్ద అంజిలయ్య అందరి ముందూ నవ్వాడు. "ఏమోయ్ హన్మంతూ, వలల నీళ్లన్న వడ్డయా?"

ఈ ఏడు వంతుల జాబితా టైపు చేయించడానికి అంజిలయ్యే వచ్చాడు. మనోజ వరుసను హ నుంచి అ కు తిప్పింది. అతను చదవకుండానే సంతకం పెట్టి ముద్ర వేశాడు. ఆమె ఒక ప్రతిని తలుపుకు అంటించింది. చూస్తుండగానే చెరువువాళ్లు దాని చుట్టూ మూగారు. అప్పుడు చదివాడు అంజిలయ్య.

"గిదేంది బిడ్డా, నా పేరు అడుగుకు వోయింది?"

"అక్షరాల వరుసనే పెద్దబాపు. గీసారి అటు దిక్కుకెళ్లి మొదలైంది." మనోజ వేళ్లు విరుచుకుంది. "ఫికర్ చెయ్యకు. నీళ్లన్న వడ్తయ్ తీ."