జనరేటరులో ఆఖరి సీటు

డ్రైవరు బాబాయ్ బస్సు నడిపిన రోజుల్లో, వెనకాల ఎవరైనా పరుగెత్తుకొస్తున్నట్టు అద్దంలో కనిపిస్తే చాలు, కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. బస్సు కిక్కిరిసి ఉన్నా సరే, కండక్టరు నెత్తి కొట్టుకున్నా సరే. "పాపం, ఒక్కళ్లే కదా" అనేవాడు. ఆ ఒక్కళ్లు ఎక్కాక ఇంకొకళ్లు, వాళ్ల వెనక ఒక బుట్ట, బుట్ట వెనక దాని తాలూకు ముసలావిడ. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ జబ్బు నయం కాలేదు. ఎవరు ఏమడిగినా కాదనడం ఆయనకు చేతకాదు. ఆయన నిచ్చెన ప్రస్తుతం ఏ ఇంట్లో ఉందో ఆయనకే తెలియదు. గొడుగు సంగతి అడగనే అక్కర్లేదు.

ఆయన భార్యను వీధంతా పిన్ని అంటుంది. పిన్ని ముందుగదిలో కిటికీ పక్కన కరెంటుతో నడిచే పొదిగే పెట్టె ఒకటి ఉండేది. కోళ్ల ఫారం నుంచి గుడ్లు తెచ్చి అందులో పేర్చి, వేడి చూసుకుంటూ, తిప్పుకుంటూ, పిల్లలయ్యాక పెంచుకునేవాళ్లకు ఇచ్చేది. ఇంట్లో పసిబిడ్డ ఉన్నట్టే ఆ గదిలోకి అందరూ మెల్లగా అడుగులేసేవారు. పిల్లలు బయటికొచ్చే రోజున ఆవిడ ముఖం చూడాలి. పెళ్లినాడు కూడా అంత వెలుగు లేదని బాబాయే ఒప్పుకుంటాడు, కాకపోతే ఆవిడ లేనప్పుడు.

ఆ ఊరికి గాలివాన పిలవకుండా వచ్చే చుట్టం. కిందటేడు వచ్చినప్పుడు తీగలు తెగి కరెంటు పోయింది. పిన్ని పెట్టె మీద దుప్పట్లు కప్పి, పక్కనే కూలబడి, కరెంటు కోసం ఎదురుచూసి చూసి అలిసిపోయింది. అది వచ్చేసరికి గుడ్లన్నీ చల్లబడిపోయాయి. ఆవిడ ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. పెట్టె శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, అటకెక్కించేసింది. కిటికీ పక్కన ఖాళీ అయిన ఆ చోటు చూసినప్పుడల్లా బాబాయ్‌కి గుండె కలుక్కుమనేది. ఆఖరికి ఒకరోజు చొక్కా తొడుక్కుని, "జనరేటరు కొనడానికి పోతున్నా" అన్నాడు.

ఈ మాట గాలిలో ఉండగానే బావమరిది ప్రత్యక్షమయ్యాడు. పిన్నికి సొంత తమ్ముడు, పక్క సందులోనే కాపురం. లోకంలో ఆయనకు తెలియని విషయం లేదు, తెలిసిన విషయం కూడా పెద్దగా లేదు.

"పెద్దది తీసుకో బావా! ఏసీలూ గీసీలూ అన్నీ నడిచిపోవాలి" అన్నాడు జనరేటర్ల కొట్లో అడుగుపెడుతూనే.

"మీ అక్క గుడ్లకి లారీ ఎందుకురా? ఖాళీగా తిప్పినా లారీ లారీ అంతే తాగుతుంది."

బాబాయ్ ఒక మిషను చుట్టూ తిరిగి, అమ్మే కుర్రాణ్ణి అడిగాడు. "బాబూ, ఇందులో ఎంతమంది పడతారు?"

కుర్రాడు బిక్కమొహం వేశాడు. "వాట్లు ఎన్నని అడుగుతున్నాడులే" అని బావమరిది తర్జుమా చేశాడు. కుర్రాడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ఇంట్లో వాడే వస్తువులన్నిటి వాట్లూ కూడుకోవాలనీ, దాని మీద కొంత ఖాళీ ఉంచుకోవాలనీ చెప్పాడు. "ఫ్రిజ్జుతో జాగ్రత్త సార్. నడిచేటప్పుడు కొంచెమే గానీ, మొదలయ్యేటప్పుడు మాత్రం దానికి మూడింతలు లాగుతుంది."

"ఎక్కేటప్పుడు మోచేతులతో అందర్నీ పొడిచి, ఎక్కాక బుద్ధిగా మూల కూర్చునే రకమన్నమాట. అలాంటివాళ్లని రోజూ చూసినవాణ్ణే" అన్నాడు బాబాయ్.

లెక్క ఆయనకు అప్పుడే అర్థమైపోయింది. పొదిగే పెట్టెకి ఒక సీటు, ఫ్రిజ్జుకి తోపులాటతో కలిపి మూడు, ఒక ఫ్యాను, రెండు దీపాలు, పైన కొంత ఖాళీ. ఆ మాత్రం మోసే మిషన్లని ఒక్కొక్కటే నడిపించమని, కళ్లు మూసుకుని విన్నాడు. మూడోదాని దగ్గర కళ్లు తెరిచి, "దీనికి దగ్గు లేదు" అన్నాడు. అదే ఇంటికొచ్చింది.

వరండాలో పెడితే తడవదు కదా అన్నాడు బావమరిది. ఎప్పుడూ గొంతెత్తని బాబాయ్ ఆరోజు కసిరాడు. "దాని పొగ విషంరా! వాసన తెలిసేలోపే మనిషిని పడేస్తుంది." పెరట్లో కిటికీలకు దూరంగా గట్టు కట్టించి, పైన రేకు వేసి, నాలుగు వైపులా గాలి ఆడేలా వదిలాడు. అక్కణ్ణుంచి వంటింటి కిటికీ మీదుగా ముందుగది దాకా లావుపాటి వైరు, చివర ప్లగ్గుల బోర్డు. పెట్రోలు డబ్బా ఇంట్లోకి రాకుండా పెరటి కొట్టంలో తాళం వేసుకుని కూర్చుంది.

అది మొదలు ప్రతి ఆదివారం పొద్దున వీధికి సినిమా చూసినంత కాలక్షేపం. బాబాయ్ తన పాత ఖాకీ చొక్కా తొడుక్కుని ఆయిలు పుల్ల తీసి చూస్తాడు, ఫిల్టరు దులుపుతాడు, మిషను నడిపించి ఫ్యానూ దీపాలూ దానికి తగిలిస్తాడు. ఖాళీగా తిప్పితే బండికి ఒళ్లు బరువెక్కుతుందని ఆయన నమ్మకం. నిలవైపోయిన పెట్రోలు తీసి బావమరిది స్కూటర్లో పోసి, కొత్తది నింపుతాడు. బావమరిదికి ఈ ఏర్పాటులో ఏ లోపమూ కనిపించలేదు. "బాబాయ్ బండి తీశాడర్రా!" అని ఎదురింటి టైలరమ్మ కేకేసేది. వీధి చివర సెలూన్ అతనైతే, బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందని రోజూ అడిగేవాడు.

"నా ముఖం ఎప్పుడైనా అంత శ్రద్ధగా తుడిచారా?" అంది పిన్ని ఒకసారి.

"నీకు ఆయిలు మార్చే పని లేదు కదా" అన్నాడాయన. ఆ పూట ఆయనకు రెండోసారి కాఫీ దొరకలేదు.

కానీ ఆ మర్నాడే ఆవిడ అటక మీంచి పెట్టె దింపమంది. గుడ్లు తెచ్చింది గానీ సగం పెట్టెకే పేర్చింది. ధైర్యం కూడా సగమే వచ్చింది మరి. "ఈసారి కూడా పోతే ఇంక నేను ముట్టుకోను. పాతసామాన్లవాడికి ఇచ్చేస్తా" అంది, ఆయన వైపు చూడకుండా. ఆ మాట బాబాయ్ మెడలో బరువుగా వేలాడింది.

సరిగ్గా గుడ్లు చిట్లే రోజు పొద్దున్నే గాలివాన ఊరి మీద పడింది. వీధిలో రేకులు ఎగిరాయి, ఎక్కడో స్తంభం ఒరిగింది, కరెంటు పోయింది. బాబాయ్ ఖాకీ చొక్కాలో పెరట్లోకి పరుగెత్తాడు. తాడు లాగాడు. రెండో లాగుడుకి మిషను అందుకుంది. ముందుగదిలో పెట్టెలో దీపం వెలిగింది. రెండు గుడ్ల మీద సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. పిన్ని ఆయన వైపు చూసిన చూపుకి ఆయన తడిసిన సంగతే మర్చిపోయాడు.

గాలి కాస్త తగ్గగానే తలుపు చప్పుడైంది. టైలరమ్మ, చేతిలో ఇంటిల్లిపాది ఫోన్లు. "కొంచెం చార్జింగు, బాబాయ్." పాపం, ఫోన్లే కదా. ఆవిడ వెనకాలే సెలూన్ అతను, చార్జింగు దీపంతో. ఆ తర్వాత ట్యూషన్ మాస్టారు, తమ ఫ్రిజ్జులో మందులున్నాయని గోడ మీంచి వైరు విసిరాడు. మందులంటే కాదనేదెలా? మాస్టారి వైరు చూసి పక్కింటివాళ్లూ ఒకటి విసిరారు, వాళ్ల ఫ్రిజ్జులో మందులు కాదు, ఐస్‌క్రీము. ఆఖర్న బావమరిది గొడుగు విదిలిస్తూ వచ్చి, "ఇంత చలిలో అందరికీ టీ పెడదాం" అని నీళ్లు కాచే కరెంటు కెటిల్ తగిలించాడు.

పెరట్లో మిషను గొంతు మారింది. ఘాట్‌రోడ్డెక్కే బస్సులా మూలిగింది. బాబాయ్‌కి అది వినపడింది. వినపడి కూడా, "పాపం, టీయే కదా" అనుకున్నాడు. సాయంత్రం దాకా రావలసిన పెట్రోలు ఆ బరువుకి మధ్యాహ్నానికే అయిపోయింది. మిషను రెండుసార్లు వెక్కి, ఆగిపోయింది. పెట్టెలో దీపం ఆరిపోయింది.

పిన్ని పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుంది, కిందటేడు కూర్చున్న చోటే. బాబాయ్‌కి ఆ చెయ్యి చూసి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

బావమరిది అప్పటికే డబ్బా పట్టుకుని పెరట్లో ఉన్నాడు. "పోసెయ్ బావా! పక్కనే డబ్బా పెట్టుకుని చూస్తావేంటి?"

"వేడి మీద పొయ్యకూడదు. చల్లారాలి."

"ఇక్కడ గుడ్లు చల్లారిపోతుంటే..."

"ఇంజను కాలుతుంటే బండిలో పెట్రోలు పోసే అలవాటు నాకు లేదు. తగలబడితే గుడ్లే కాదు, మీ అక్క కూడా మిగలదు. డబ్బా దించు."

ఆయన ముందుగదిలోకి వచ్చి అందరి వైపూ చూశాడు. "తప్పు నాది. ఎక్కించుకోవాల్సింది కాదు, ఎక్కించుకున్నా" అన్నాడు.

గదిలో ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు. ముందు కదిలింది టైలరమ్మ. "మా ఇంట్లో గ్యాసు పొయ్యి ఉందిగా!" అంటూ వానలోకి పరుగెత్తింది. కాసేపట్లో వేడినీళ్లు నింపిన సీసాలు గుడ్డల్లో చుట్టుకుని ఒక్కొక్కటే రాసాగాయి. మాస్టారు రగ్గు తెచ్చాడు. సెలూన్ అతను తువ్వాళ్లన్నీ మోసుకొచ్చాడు. ఐస్‌క్రీమువాళ్లు సిగ్గుపడి రెండు దిళ్లు తెచ్చారు. మూత తియ్యకుండా, గాలికంతలు మూసుకుపోకుండా, పెట్టె చుట్టూ సీసాలు పేర్చి కప్పారు. చల్లారిన సీసా వెళ్తుంటే వేడి సీసా వస్తోంది. పిన్ని పెట్టెలోని ధర్మామీటరు మీంచి కళ్లు తిప్పకుండా, "ఇటు పక్క ఇంకోటి" అంటూ పురమాయించింది. ముల్లు కొంచెం దిగింది. మరీ దిగలేదు.

బాబాయ్ మిషను మీద అరచెయ్యి పెట్టి చూసి, ఇంకాసేపాగి, మళ్లీ చూసి, అప్పుడు పెట్రోలు పోశాడు. మూత బిగించాడు. ఒక్క లాగుడుకే అందుకుంది. ముందుగదిలో ఈలలు పడ్డాయి. ఈసారి బోర్డుకి పొదిగే పెట్టె ఒక్కటే ఉంది. మాస్టారి మందుల ఫ్రిజ్జుకి మాత్రం మధ్యమధ్యలో కాసేపు చోటిచ్చారు, అదీ పిన్ని ఒప్పుకున్నాకే.

మధ్యాహ్నం వాలుతుండగా మొదటి పిల్ల పెంకు తోసుకుని బయటపడింది. దాని వెనక రెండోది. ఇంక వరసగా దిగడం మొదలుపెట్టాయి, తడిసిన ఈకలతో, తూలుకుంటూ. పెద్దవాళ్లంతా పెట్టె అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డారు.

అప్పుడు వచ్చాడు మళ్లీ బావమరిది. ముఖం ఒక పక్క నున్నగా ఉంది, రెండో పక్క గడ్డం అలాగే ఉంది. "మధ్యలో ట్రిమ్మరు చచ్చిపోయింది బావా. ఒక్క ఐదు నిమిషాలు..."

"సీటు లేదు" అన్నాడు బాబాయ్.

గది మొత్తం ఆయన వైపు తిరిగింది. ఆ మాట ఆ నోట్లోంచి రావడం అంతకుముందు ఎవరూ వినలేదు.

"ఈగంత కరెంటు బావా!"

"ఈగని ఎక్కిస్తే వెనకాలే ఏనుగు ఎక్కుతుంది. నాకు తెలీదా? దిగు."

పిన్ని పకపకా నవ్వింది. గాలివాన మొదలయ్యాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

చీకటి పడబోతుండగా అన్నీ వచ్చేశాయి, ఒక్కటి తప్ప. మూలన ఉన్న ఆ గుడ్డు మీద చిన్న పగులుంది గానీ కదలిక లేదు. డబ్బా అడుగంటింది. మిగతా పిల్లలు ఈకల తడి ఆరి బుట్టలోకి మారాయి, వేడినీళ్ల సీసాలు వాటికి చాలు. "ఇంక ఆపేయండి. అది రాదులెండి. ఇన్ని వచ్చాయి, అదే పదివేలు" అంది పిన్ని.

బాబాయ్ వంగి ఆ గుడ్డు వైపు చూశాడు. బస్సు ఎంత నిండినా వెనక అద్దంలోకి చూసే అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఆగవే. ఒకళ్లు పరుగెత్తుకొస్తున్నారేమో" అన్నాడు.

పెట్టె చుట్టూ మళ్లీ వేడి సీసాలు పేర్పించి, మిషను ఆపి, అది చల్లారాక డబ్బాలో మిగిలిందంతా పోసి, మళ్లీ నడిపించి వచ్చి, భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పగులు కొంచెం పెద్దదైంది. చిన్న ముక్కు కనిపించింది. ఆగింది. మళ్లీ పొడిచింది. పెంకు రెండుగా విడిపోయి ఆఖరి పిల్ల వెల్లకిలా పడి, కాళ్లు కొట్టుకుని, నిలబడింది.

పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంది. కిందటేడు దాచుకున్నది కూడా అందులో ఉంది. ఆయన చేతి మీద చెయ్యి వేసి, "గాలి తగ్గాక ఫారంలో గుడ్లకి చెప్పి రండి. ఈసారి పెట్టె నిండా పెడదాం" అంది.

"సీట్లు సరిపోతాయా?"

"మీరు అడ్డమైనవాళ్లనీ ఎక్కించకపోతే సరిపోతాయి."