వంటింటికొచ్చిన ఎండ

బంగారుపాళ్యం దగ్గర మా మామిడితోటలోనే మా ఇల్లు. ఊర్లోకి కరెంటు వచ్చినా తోటదాకా స్తంభాలు రాలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి మా నాయన చెప్పులరిగినాయి. అట్లాంటిది ఎనభైల్లో ఒకనాడు ఎవరో ఆఫీసోళ్ళు జీపులో వచ్చి, మిద్దె మీద నీలం బిళ్ళలు పొదిగిన అద్దం పలకను ఏటవాలుగా బిగించి పోయినారు. ఎండ పడితే ఆ బిళ్ళల్లో కరెంటు పుడతాదంట, తీగలో దిగొచ్చి బ్యాటరీలో చేరతాదంట, పొద్దుగూకినాక దాంతో బల్బు వెలుగుతాదంట. ఇచ్చింది మాత్రం ఒకే ఒక్క బల్బు.

అమ్మ దాన్ని వంటింట్లో పెట్టమనింది. కట్టెల పొగలో, బుడ్డిదీపం ముందర వండీ వండీ ఆమె కళ్ళు పోతా ఉండాయి. నాయన వినలేదు. "వసారాలో పెడితే పదిమంది సూస్తారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ, ఆయన ముందర నోరెత్తే ధైర్యం యాడిది?

మొదటిరోజు బల్బు బ్రహ్మాండంగా వెలిగింది. ఇంక మా నాయనను పట్టేదానికి లేదు. మర్నాడు సాయంత్రం భోజనానికి ఊర్లో పెద్దమనుషులను పిలిచేసినాడు.

అందరూ వసారాలో కూర్చున్నాక మీట నొక్కినాడు. బల్బు ఎర్రగా మినుకుమనింది, అంతే. "ఏమప్పా, మీ సూర్యుడికి జరమొచ్చిందా?" అన్నాడొకాయన. నాయన మొహం మాడిపోయింది. టార్చిలైటు తీసుకోని మిద్దెక్కి సూస్తే, పలక నిండా మామిడి తాండ్ర! మా అవ్వ పొద్దున్నే రసం చిక్కగా పిండి, పొరలు పొరలుగా పూసి ఆరబెట్టింది. "ఎండ బాగా తగలాలనే గదరా దాన్నాడ పెట్టింది. సాప కంటే నున్నగా ఉండాదని పూసినా" అనింది కొడుకుతో, మేమే తెలివితక్కువోళ్ళమన్నట్టు. వచ్చినోళ్ళంతా పగలబడి నవ్వినారు. నేనైతే కడుపు పట్టుకోని కూలబడినా.

అప్పుడు అమ్మ గడప కాడికొచ్చి, "ఇంత వసారాకు ఆ కాస్త వెలుతురు ఏమూలకు? నా వంటిల్లు అగ్గిపెట్టంత, దానికైతే చాలు. ఇంతమందికి వడ్డించల్ల గదా" అనింది. నాయన తీగ లాగి, బల్బు తెచ్చి పొయ్యి పైన తగిలించినాడు.

తగిలించి ఆడే నిలబడిపోయినాడు. మసిబట్టిన గోడలు సూసినాడు, నీళ్ళు కారే అమ్మ కళ్ళు సూసినాడు, ఆమె వేళ్ళ మీద కాలిన మచ్చలు సూసినాడు.

"ఇన్నేండ్లూ ఈ చీకట్లోనేనా వండింది?"

"లోపలికొస్తే గదా తెలిసేది" అనింది అమ్మ, సంగటి కెలకతానే.

మర్నాడు నాయనే తాండ్ర ఒలిచి పలక కడిగినాడు. ఆ సాయంత్రం బల్బు తెల్లగా వెలిగింది. "వసారాకు మార్చుకుంటారా?" అని అమ్మే అడిగింది. "నాకు లాంతరు చాల్లే" అని నాయన పీట తెచ్చుకోని పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఆ పొద్దు మా అమ్మ మొహం సూడల్ల.