సాక పోయనిదే పుర్రె కదలదు

ఆ రోజుల్లో నా తలలో ఏముందో తెలుసుకోవడానికి ఎవరూ తవ్వాల్సిన పని లేకపోయింది. ఎనిమిదో తరగతిలోనే సార్లు వెతికి వెతికి, ఏమీ లేదని తేల్చి ఇంటికి పంపేశారు. అలాంటివాణ్ణి ఇంకొకరి పుర్రె మోయడానికి కూలికి కుదిరాను. మామిడిపల్లి అవతల ఒక మెట్ట చెలకలో, రాతిబండల కింద, ఎప్పటిదో ఒక ఆడమనిషి అస్థిపంజరం బయటపడింది. తవ్వకాల మేడం (కోస్తా మనిషి, మమ్మల్ని కూడా 'అండీ' అనేది) ఆ పళ్ళను పరీక్షిస్తే ఆమె ఏం తిన్నదో, ఏ పని చేసిందో తెలుస్తుందని చెప్పింది. ఎముకలేమో మెత్తబడిపోయాయి, తడిస్తే చేతికి పిండే వస్తుంది. ఆ పూటే కొత్తూరు వైపు నల్లగా మబ్బు పట్టింది.

సరిగ్గా అప్పుడే కూలి ఆడవాళ్ళకు పెద్దదిక్కయిన మా పెద్దమ్మ కల్లు సీసాతో గుంత ఒడ్డున బైఠాయించింది. "సాక పొయ్యకుంట సచ్చినామెను లేపుతరా? మేం ముట్టం." (పోయినవాళ్ళ పేరిట కల్లు పోయడమే సాక.)

"అమ్మా, ఎముకల మీద ఒక్క చుక్క పడినా పరీక్ష పాడైపోతుందండీ!"

"మరి ఆమె ఉసురు తగుల్తే నీ పరీచ్చ ఆపుతదా?"

ఉరిమింది. ఎవరూ కదల్లేదు. నా నోరు ఊరుకుంటుందా? "పెద్దమ్మా, నేనే ఆమె మనుమణ్ణనుకో. జర దూరంగ నేల మీద పొయ్యి, మిగిలింది నా నోట్లె పొయ్యి. పాపమొస్తె నాకే." పెద్దమ్మ నన్ను, మబ్బును, మళ్ళీ నన్ను చూసి, దూరంగా చెలకలో కొంచెం వదిలి, మిగతాది నా నోట్లో వంచింది (సీసా నేననుకున్నదానికన్నా పెద్దది).

మట్టితో సహా పుర్రెను చెక్కపలక మీదికి జరిపి నా చేతుల్లో పెట్టారు. "పైలం రా!" అని పెద్దమ్మ హెచ్చరిస్తుండగానే నెత్తి మీదుగా, పక్కనున్న ఎయిర్‌పోర్టులోకి విమానం గర్జిస్తూ దిగింది; నా కాలు జారింది. పలకను మాత్రం వదల్లేదు. వీపు మట్టిలో, పుర్రె ఛాతీ మీద, ఇద్దరం ముఖాముఖి. మేడం కళ్ళు మూసుకుంది. తొలి చినుకు నా నుదుట పడింది. అంతే, ముట్టమన్న ఆడవాళ్ళే పరుగున వచ్చి కొంగులు పరిచి ఆమెకు గొడుగు పట్టారు. ఒక్క పన్ను కదల్లేదు.

కొన్ని నెలలకు మేడం వచ్చి, ముందరి పళ్ళు గాడి పడి అరిగాయని, నారను పళ్ళతో లాగి తాళ్ళు పేనేదేమోనని చెప్పింది. "పనిజేసుకున్న మనిషే," అని పెద్దమ్మ మెత్తబడింది. నేను ఊరుకోవచ్చుగా! అప్పటి నాలోని కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తాడు, పళ్ళన్నీ ఇకిలించి, "నేను పోయినంక ఇవి జూస్తె నా గురించి ఏం తెలుస్తది మేడం?" అన్నాడు.

మేడం నోరు విప్పేలోపే పెద్దమ్మ అందుకుంది: "ఏం తెల్వది బిడ్డా. నీకు అరిగింది నాలికొక్కటే. అది మట్ల గలుస్తది."