బిగించని మూత

నడి వేసవిలో, ఏరు మోకాలిలోతుకు దిగిపోయిన రోజుల్లో, మా రేవు జెట్ పడవ ఇంజను ఒక్కసారి కూడా ఉడకకుండా నడిచేలా చేయడం నా మేనకోడలు సాధించిన మొదటి విజయం. అంతకుముందు ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేశారు. నా చదువు ఊరిబడితోనే ఆగినా, ఈ రేవులో మొదటి మోటారు పడవ తోలినవాణ్ణి నేను. అలాంటి నాకే ఆ ఇంజను లొంగలేదు.

జెట్ పడవకు అడుగున తిరిగే రెక్కలుండవు. పంపు ఏటి నీటిని లాగి వెనక్కి చిమ్ముతుంది, ఆ తోపుకే పడవ ముందుకు పోతుంది. ఆ నీళ్లలోంచే ఒక పాయ గొట్టంలో ఇంజను దాకా వెళ్లి దాన్ని చల్లబరచాలి. లోతు లేనిచోట నీటితోపాటు ఇసుక, నాచు కూడా వస్తాయి. వాటిని ఆపే వడపోత డబ్బా సగం దారిలోనే పూడుకుపోయేది. ఆమె దాని పక్కనే రెండో డబ్బా బిగించింది. ఒకటి పూడితే వాల్వు తిప్పి నీటిని రెండోదానిలోకి మళ్లించి, పడవ ఆపకుండానే మొదటిదాన్ని కడగవచ్చు.

డెక్కు కింద సందులోకి దూరగలిగింది ఆమె ఒక్కతే. అందుకే రేవంతా చీమ అని పిలిచేది. నేనూ ఒకసారి తొంగిచూడబోయాను.

"పక్కకి జరుగు మామయ్యా. నీ పొట్ట పట్టే పడవ ఇంకా తయారవలేదు," అంది లోపల్నుంచి.

తర్వాత డ్రైవరు పరీక్ష కూడా ప్యాసైంది. మా రేవులో రెండు పనులూ వచ్చిన మొదటి మనిషి నా మేనకోడలే. ఈ మాట అప్పుడూ అందరికీ చెప్పాను, ఇప్పుడూ చెబుతాను.

మా రేవులో ఒక పద్ధతి ఉంది. డబ్బా కడిగిన మెకానిక్కు మూతను చేత్తో తిప్పి వదిలేస్తాడు. పానా పెట్టి చివరి బిగింపు బిగించాల్సింది డ్రైవరు. పడవ తోలేవాడి చెయ్యి తప్పకుండా ఆ మూత మీద పడాలని పెద్దలు పెట్టిన కట్టడి అది.

ఏట్లో నీళ్లు పెరిగాక ఒక ఉదయం డ్రైవరు జ్వరంతో రాలేదు. చీమ డబ్బాలు రెండూ కడిగి, మూతలు చేత్తో తిప్పి, అలవాటు ప్రకారం పానాను డ్రైవరు సీటు మీద పెట్టింది. అంతలో గుండెనొప్పితో మెలికలు తిరుగుతున్న దర్జీని మోసుకొచ్చారు. వెంట ఆయన భార్య. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. చీమ సీటు మీది పానా తీసి, కూర్చుని, పడవ కదిపింది.

ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు నీటి ఒత్తిడి తక్కువ. మూత దగ్గర చుక్క కూడా కారలేదు. నడి ఏట్లో వేగం పెంచగానే ఎగిరి ముక్కలైంది. వాల్వు తిప్పితే రెండోదీ అలాగే ఎగిరింది. ఇంజనుకు పోవాల్సిన నీళ్లు పడవలోకి పొర్లాయి. ఇంజను ఉడికి బిగుసుకుపోయింది. పడవ కొట్టుకుపోయి ఇసుకదిబ్బెక్కింది. నేను తెడ్డు పడవ వేసుకుని చేరేసరికి దర్జీ ప్రాణం పోయింది.

విచారణకు ముందురోజు మా చెల్లెలి వంటింట్లో కూర్చుని చీమను బతిమాలాను.

"మూతలు పాతవి, పగిలిపోయాయని చెప్పు. మిగిలింది ముక్కలే కదా, ఎవడు కాదంటాడు?"

"నేను బిగించలేదు మామయ్యా."

"అది నీకూ నాకూ తెలుసు. అక్కడ ఎవరికి తెలుసు?"

"నాకు అడ్డంగా ఉందని పానా దర్జీ భార్య చేతికిచ్చా, పట్టుకోమని. నువ్వొచ్చేదాకా ఆమె దాన్ని వదల్లేదు."

"ఆవిడకి పానా సంగతేం తెలుసే?"

"తెలీదు. అందుకే చెప్పాలి."

పొయ్యి దగ్గర్నుంచి చెల్లెలు వెనక్కి తిరగకుండానే అంది: "చెప్పెయ్యనీ అన్నయ్యా. లేకపోతే ఇది అన్నం ముట్టదు."

"జైల్లో ముడుతుందా?" అన్నాను.

చీమ ఉన్నదున్నట్టు చెప్పింది. శిక్ష పడింది, డ్రైవరు లైసెన్సు పోయింది. ఉడికిన ఇంజను బాగుచేయగల మనిషి రేవులో మరొకరు లేరు. పడవ ఒడ్డునే తుప్పుపడుతోంది. రోగులను వంతెన మీదుగా చుట్టూ తిప్పి తీసుకెళుతున్నారు, కొందరు దారిలోనే పోతున్నారు. ఆమె సాధించినవన్నీ నేను రేవులో చెబుతూనే ఉన్నాను. ఒకప్పుడు చుట్టూ మూగి విన్నవాళ్లు ఇప్పుడు పనుందని లేచిపోతున్నారు.

పోయిన నెల జైలుకు చూడబోతే చీమ రేవు సంగతి అడగలేదు. నేనే ఎత్తాను.

"వద్దులే మామయ్యా. నీ మోకాళ్లెలా ఉన్నాయి?"

"మోకాళ్లకేం, ఉన్నాయి. బయటికొచ్చాక ఆ ఇంజను ఒక్కసారి చూడవే."

తన చేతుల వంక చూసుకుని, వాటిని ఒళ్లో దాచుకుంది. "నన్ను రేవు వైపు తీసుకురావద్దు," అంది.

సరేనన్నాను. వంతెన దారినే ఇంటికి తీసుకొస్తాను. ఆమెను వదిలేది వచ్చే ఏడాది ఆగస్టు తొమ్మిదిన.