సగం గ్లాసు చాయ్

మా మేనమామ ఎవరికి చాయ్ పోసినా గ్లాసులో సగం దాకే పోసేవాడు. యుద్ధం రోజుల్లో మన తీరానికి చాలా దూరంగా కాపు కాసిన నౌకల్లో ఒకదాంట్లో ఆయన వంటవాడు. కొలువు వదిలి వరంగల్ వచ్చి ఇన్నేళ్లయినా ఇంట్లో చాయ్ పెట్టే పని ఇంకెవరికీ ఇవ్వలేదు, ఆ సగం అలవాటూ మానలేదు.

మా అమ్మకు అది పెద్ద అవమానం. “ఆడబిడ్డ ఇంటికొస్తే సగం గ్లాసా? నిండ పోస్తే నీ సొమ్మేం పోతదన్నా?” అని ఓసారి గ్లాసు ముట్టకుండానే లేచింది.

మామ నొచ్చుకోలేదు. “జహాజ్ ఊగుతాంటే నిండు గ్లాసు చేతి మీదనే ఒలుకుతది చెల్లే. ఫిరంగి తోపుల కాడ నిలబడ్డోళ్లకు సగం పోస్తెనే నోటి దాక పోయేది” అన్నాడు.

“నీ ఇల్లేమన్న ఊగుతాందా?” అంటూ అమ్మ గడప దాటింది. రెండేళ్లు అటు వైపు పోలేదు.

మొన్న ఎండాకాలం మామే మా ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చుంటుంటే చేతులు వణుకుతున్నాయి. అమ్మ అది చూసి, వంటింట్లోకి వెళ్లి చాయ్ తెచ్చింది. సరిగ్గా సగం గ్లాసు.

మామ రెండు చేతులతో పట్టుకొని ఒక్క చుక్క ఒలకకుండా తాగాడు. ఖాళీ గ్లాసు చాపి నవ్వాడు.

“ఇగ మిగిలిన సగం పోయ్ చెల్లే. నువ్వే, నా ఇంట్ల రెండో సగం దాక ఎన్నడు ఆగకపోతివి.”